చివరి చరణం దాకా ఆగమన్న చెయ్యి

మన ఇంటి వంటగదిలో తీర్పులు చెప్పే అధికారులందరికీ, ముఖ్యంగా అమ్మకు, లాక్లన్ సవినయంగా విన్నవించునది: నేను క్షేమం.

శనివారం ఓబన్ పట్టణంలో మన ఊరి ఐలా పెళ్లి విందు చివర, పాత స్నేహితులను మరచిపోవడం తగునా అని అడిగే మన పాట కోసం అందరం వలయంగా నిలిచాం. నా పక్కకు మన పొరుగింటి డూగల్ వచ్చాడు. ఉమ్మడి పడవకు ఏ పేరు పెట్టాలన్న తగాదాతో మా మాటలు ఆగి తొమ్మిదేళ్లని మీకు తెలిసిందే. మొదటి చరణంలోనే అతడు చెయ్యి చాచాడు.

"ఆగరా, చేతులు కలపాల్సింది చివరి చరణంలో," అన్నాను.

"నీ చదువు తగలెయ్య! ఆ చరణం ఎవడికి వచ్చురా ఇక్కడ?" అన్నాడు.

నిజమే, ఎవరికీ రాదు. పాట మొదటి చరణంతోనే ఆగిపోయింది. అందరూ కోట్లు వెతుక్కున్నారు, అతడూ వెళ్లిపోయాడు. నేను సంప్రదాయం పాటించానో, స్నేహితుణ్ణి కాదన్నానో, ఇంత చదివినా బోధపడటం లేదు.

పొగగొట్టం బాగుచేయించారా? నాన్నకు నమస్కారాలు.

డిమాండు నం. 1: ఈ కార్డు అందిన రోజే అమ్మ డూగల్ తలుపు తట్టి, శుక్రవారం మన ఊరి రేవులో దిగగానే చెయ్యి నేనే ముందు చాచుతాననీ, చరణాల సంగతి తరవాత చూసుకుందామనీ తెలియజేయవలెను.