పన్నెండు ఒంపుల కత్తి

గౌరవనీయులైన బావగారికి,

మీ ఒక్కగానొక్క బావమరిది నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరూ, మీరు కట్టిస్తున్న వంతెనా నిలబడే ఉన్నారని తలుస్తాను.

మీరు పురమాయించినట్టే కత్తుల గదికి రంగు వేశాను. బోర్డులు రాసుకునేవాడికి ఖాళీ గోడ దొరికితే చెయ్యి ఊరుకోదని మీ భయం కదా, ఏమీ రాయలేదు. తెలుపు, రెండు పూతలు, అంతే. ఆరేదాకా కత్తులన్నీ హాల్లో పరిచాను. అక్క వంటింట్లోకి వెళ్లాలంటే టర్కీ దాటి, జపాన్ పక్కనుంచి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడవాల్సి వస్తోంది.

చిన్న పొరపాటు ఒకటి జరిగింది. మీరు కత్తులకి కట్టిన చీటీలు రంగు డబ్బాలో పడ్డాయి. నిచ్చెన మెట్టుకి మొన మొలిచినట్టున్నది ఏ కత్తి? వెడల్పాటి బెల్టు కట్టుకుని నడుం వంగిపోయిన ముసలాయనలా ఉన్నది ఏది? చెబితే కొత్త చీటీలు నా చేత్తో రాస్తాను. ఈసారి అవి మనుషులు చదవగలిగేలా ఉంటాయి.

ఇక అసలు సంగతి. మ్యూజియం మేడమ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి మనింటికొచ్చి, మీరు కొత్తగా సంపాదించిన ఆ వంకర టింకర బాకు చూస్తారట. నచ్చితే మ్యూజియంలో దానికో అద్దాల పెట్టె, పెట్టె కింద మీ పేరు! ఆ బాకు పుట్టుపూర్వోత్తరాలు రాసి పంపితే దాని చీటీ కూడా సిద్ధం చేస్తాను.

ఇట్లు,
కుంచె పట్టుకుని మీ ఆజ్ఞ కోసం చూస్తున్న
బావమరిది

తా.క.: అక్క కుట్టుమిషను మీరు రిపేరుకిచ్చి చాలా కాలమైందట కదా. ఏ షాపో చెబితే నేను వెళ్లి తెస్తాను. అడగమన్నది అక్క. ఊరికే అడగమంది అని కూడా చెప్పమంది.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

ఒరేయ్, నువ్వు రంగు డబ్బాలో ముంచింది చీటీలు కాదు, నా పదిహేనేళ్ల చదువు. నిచ్చెన మెట్టు కటార్. పిడికిలి బిగించి గుద్దినట్టు పొడిచేది. ముసలాయన జంబియా. యెమెన్ వాళ్లు నడుముకి కట్టుకునేది. ఒకదాని చీటీ ఇంకోదానికి కట్టావో, వంతెన సగంలో వదిలేసి వచ్చేస్తాను.

మేడమ్ సంగతి చదివి ఇక్కడ కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాను. ఏదో కూలిందనుకుని మేస్త్రీలు పరుగెత్తుకొచ్చారు. ఇన్నాళ్లూ ఇంట్లో నన్ను ఇనప సామాన్ల పిచ్చోడన్నారు కదా, రేపు అద్దాల పెట్టె కింద నా పేరు చదువుకోండి.

చీటీ మీద ఉన్నదున్నట్టు ఇలా రాయి: "క్రిస్. జావా దీవి. పాకుతున్న పామును పోలిన బాకు. ఒంపులు పదమూడు. క్రిస్‌కు ఒంపులు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. సరి సంఖ్య వచ్చిందంటే నకిలీ."

పిడి దగ్గర ఏనుగు తొండం లాంటి చిన్న కొక్కెం, ఇనుము మీద నీళ్లలో నూనె తేలినట్టు గీతలు ఉంటాయి, చూసుకో. ఒంపులు కూడా ఒక్కసారి లెక్కపెట్టి ఖాయం చెయ్యి. ముట్టుకునే ముందు చేతులు కడుక్కో.

ఇట్లు,
త్వరలో అద్దాల పెట్టెకెక్కబోయే
మీ బావ

తా.క.: మిషను విషయం. ఆ రిపేరువాడు మహా పనిమంతుడు. పనిమంతులు నిదానంగా చేస్తారు, తొందరపెడితే అలుగుతారు. షాపు ఎక్కడో నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు.

*

బావగారికి,

చేతులు కడుక్కున్నాను. ఒంపులు పన్నెండు. చేతులు సరిగ్గా కడుక్కోలేదేమోనని మళ్లీ కడుక్కున్నాను. మళ్లీ పన్నెండే.

అక్కని పిలిచాను. పిడి దగ్గర్నుంచి మొనకి లెక్కపెట్టి పన్నెండంది, మొన దగ్గర్నుంచి పిడికి వచ్చి పదకొండున్నరంది. అర ఎక్కడిదంటే, "మొన దగ్గర ఒంపు మొదలుపెట్టి మానేశారురా" అంది. ఇంతలో పోస్టుమాన్ వచ్చాడు. ఇన్ని ఇళ్ల నంబర్లు చూసినవాడు కదా అని ఆయన్నీ లెక్కపెట్టమన్నాం. రెండు వైపులా కలిపి ఇరవై నాలుగన్నాడు. కాఫీ లేదని చెప్పి పంపేశాం. ఇప్పుడు నాకు కళ్లు మూసుకున్నా ఒంపులే కనిపిస్తున్నాయి. నిన్న ఒక బ్యాంకు బోర్డు మీద గీత తిన్నగా గీయబోతే అదీ ఒంపు తిరిగింది.

ఏనుగు తొండం ఉంది. కాకపోతే ఏనుగు మధ్యలో మనసు మార్చుకుని పందిగా పుడదామనుకున్నట్టుంది. నూనె గీతలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. వాసన కూడా వస్తోంది.

చీటీ మీద ఇప్పుడు పదమూడని రాయనా, పన్నెండని రాయనా? పన్నెండని రాస్తే కింద మీరు చెప్పిన వాక్యం ఉంచనా, తీసెయ్యనా?

ఇట్లు,
సరికీ బేసికీ మధ్య నలిగిపోతున్న
బావమరిది

తా.క.: ఫ్యాను వేస్తే బాకు గోడకి టపటపా కొట్టుకుంటోంది. అంత పాత ఇనుము ఇంత తేలిగ్గా ఉంటుందా?

*

బావమరిదికి,

నువ్వు లెక్కల్లో తప్పి బోర్డుల్లో తేలినవాడివి. నిన్ను లెక్కపెట్టమనడం నాదే బుద్ధి తక్కువ. జాగ్రత్తగా విను. పిడి దగ్గర మొదలుపెట్టు. ఎడమ పక్క లోపలికి నొక్కుకుపోయినది ఒకటి, దాని తర్వాత కుడి పక్కది రెండు, మళ్లీ ఎడమ పక్కది మూడు. పాము నడిచినట్టు వేలు నడిపించు. మధ్యలో ఎవరితోనూ మాట్లాడకు. ముఖ్యంగా మీ అక్కతో.

తేలిగ్గా ఉందంటావా? అదేరా పనితనం! ఆ కమ్మర్లు ఆకాశంలోంచి రాలిన ఉల్కల ఇనుము కలిపి సాగగొట్టేవారట. ఆకాశంలోంచి వచ్చింది తేలిగ్గా ఉండక బరువుగా ఉంటుందా? వాసన కూడా మంచిదే. పూర్వం వాటికి సుగంధ తైలాలు పూసేవారు. నీకు కత్తి చూడటం రాదు కానీ, చూసింది చూసినట్టు రాయడం వచ్చు. నువ్వు రాసే ప్రతి లక్షణం అది అసలైనదేనని చెబుతోంది, ఒక్క ఆ పన్నెండు తప్ప.

కాగితం మీద పెట్టి అంచు వెంట పెన్సిలుతో గీసి పంపు. నేనే చూసుకుంటాను.

ఇట్లు,
అన్నం సయించని
మీ బావ

తా.క.: మిషను గురించి మీ అక్క ఏమైనా అందా? ఏమీ అనకపోతే ఆ సంగతి కూడా రాయి.

*

బావగారికి,

గీసి పంపుతున్నాను. కాగితం చాలక రెండు కాగితాలు అతికించాను. అతుకు దగ్గర ఒంపు పోయిందనుకునేరు, అక్కడ ఒంపు లేదు. మీరు చెప్పినట్టే వేలు నడిపించాను. పాము పన్నెండు అడుగులు వేసి ఆగిపోయింది.

గీయడానికి బాకుని బోర్లించినప్పుడు ఇంకో వింత బయటపడింది. వెనక వైపు ఏదో లిపి ఉంది! అక్షరాలు నిలువుగా తెగి ఉన్నాయి. గుండ్రాలు, కొమ్ములు, ఒకచోట చిన్న తోక. ఏ అక్షరమూ పూర్తిగా లేదు. ఆ ముక్కలు కూడా పక్కన గీశాను. రాతగాడు ఎవడో కానీ చెయ్యి తిరిగినవాడు బావా. ఆ గుండ్రం చూడండి, నేను రాసినా అంత బాగా రాదు.

ఇట్లు,
ఏం జరుగుతోందో మీరే చెప్పాల్సిన
బావమరిది

తా.క.: అక్క మిషను గురించి ఏమీ అనలేదు. ఏమీ అనకుండానే గంటసేపు అంది.

ఇంకో తా.క.: ఎక్కడినుంచో రోజూ కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. ఎవరి ఇంట్లోదో, అదృష్టవంతులు.

*

బావమరిదికి,

ఈ ఉత్తరం తలుపేసుకుని చదువు. చదివాక చించెయ్యి.

నువ్వు పంపిన లిపి చూసి మొదట ఎగిరి గంతేశాను. రాజముద్ర అనుకున్నాను. మా మేస్త్రీకి కూడా చూపించాను. "రాజులదే అయ్యుంటుంది సార్, మనకి అర్థం కావట్లేదు కదా" అన్నాడు. కానీ తర్వాత నీ బొమ్మ మీద నేనే వేలు పెట్టి నడిపించాను. ఒకసారి కాదు. పన్నెండే. వెలుతురు ఉన్నప్పుడూ పన్నెండే, కళ్లజోడు తీసినా పన్నెండే. అంటే నకిలీ. కొనేటప్పుడు నేను పదమూడు ఎలా లెక్కపెట్టానో దేవుడికెరుక. కావాలనుకున్నవాడికి కావలసినన్ని కనిపిస్తాయి కాబోలు.

ఇంక నీ దగ్గర దాపరికం ఎందుకు? మీ అక్క మిషను ఏ రిపేరు షాపులోనూ లేదు. మన వీధి చివర పాతసామాన్ల కొట్టువాడికి దాన్నిచ్చి, బదులుగా ఈ బాకు తెచ్చుకున్నాను. ఆ పూట ఆ ఒంపులు చూస్తుంటే ఇంకేం గుర్తురాలేదురా. ఈ పన్నెండు చూశాక అన్నీ గుర్తొస్తున్నాయి. ఆ మిషను మీ అక్క తన కుట్టుకూలితో తనే కొనుక్కున్నది. మేం కొత్తగా కాపురం పెట్టినప్పుడు నా ఉద్యోగం పోతే ఇల్లు నడిచింది దాని చప్పుడు మీదే. అలాంటిదాన్ని ఇచ్చి రేకు ముక్క తెచ్చుకున్నాను.

మేడమ్‌ని రావద్దని రాసెయ్యి. అద్దాల పెట్టే వద్దు, పేరూ వద్దు. ఆ బాకు కొట్టువాడి మొహాన కొట్టి, కాళ్లు పట్టుకునైనా మిషను తెచ్చి యథాస్థానంలో పెట్టు. అక్క అడిగితే రిపేరు పూర్తయిందని చెప్పు. ఆమెకి తెలిస్తే నేను ఈ వంతెన మీదే కాపురం పెట్టుకోవాలి.

ఇట్లు,
తేలు కుట్టిన దొంగలా ఉన్న
మీ బావ

తా.క.: నిజంగా కాళ్లు పట్టుకో. మొహమాటపడకు.

*

మా మంచి బావగారికి,

కాళ్లు పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. మీరు బయల్దేరి వెళ్లిన వారంలోనే అక్క మిషను తెచ్చుకోవడానికి బయల్దేరింది. ఊళ్లో రిపేరు షాపులు రెండే. రెండు చోట్లా మాకు తెలీదన్నారు. తిరిగొస్తుంటే కొట్టు అరుగు మీద తన మిషను, దాని ముందు కొట్టువాడు, సూది కింద వాడి ప్యాంటు, పక్కనే నడుం మీద చేతులేసుకున్న వాడి భార్య. "ఇంట్లో మిషను పెట్టుకుని బయట కుట్టించుకుంటావా" అని ఆవిడ వాణ్ణి రోజూ కూర్చోబెడుతోందట. మీరు బాకుకి బదులుగా ఇచ్చారని వాడే చెప్పాడు. అక్క ఇంటికొచ్చి బాకు పట్టుకెళ్లి, అది ఇచ్చి మిషను అడిగితే, వాడే ఎత్తి బండిలో పెట్టాడు. నేను రాసిన ఆ మిషను చప్పుడు మనింట్లోదే.

"ఆయన నోటితో ఆయన చెప్పేదాకా ఎవరూ నోరెత్తడానికి వీల్లేదు" అంది అక్క. సరే, గోడకి ఉత్త మేకు ఉంటే బాగోదని నేనే ఒక బాకు చేశాను. మిషను పోయిందని అక్క తన బోర్డు కూడా దింపేసింది కదా, "బట్టలు కుట్టబడును" అని నేనే రాసిచ్చినది. ఆ రేకు కత్తిరించి, ఇటువైపు రంగు వేశాను. వెనక మీరు చూసిన రాజముద్ర "బడును"లో ముక్క. రాతగాడు చెయ్యి తిరిగినవాడని చెప్పానా లేదా?

ఒట్టు బావా, ఒంపుల సంగతి మాత్రం నా కుట్ర కాదు. సరీ బేసీ గొడవ నాకేం తెలుసు? బోర్డు మూల తుప్పు పట్టి ఊడిపోయింది. పదమూడోదానికి రేకు చాల్లేదు, అంతే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నది మీరే.

మేడమ్ మొన్నామధ్య రానే వచ్చారు. అక్క ఆవిడకి కాఫీ ఇచ్చి, జరిగింది చెప్పి, కొట్టు దారి చూపించింది. అసలు బాకు అక్కడ లెక్కపెట్టారు. నేనూ లెక్కపెట్టాను. పదమూడు బావా, నిక్షేపంలా. మీ కన్ను మంచిదే, చెయ్యే తొందరపడింది. మ్యూజియం దాన్ని తీసేసుకుంది. అద్దాల పెట్టె కింద కొట్టువాడి పేరు. చీటీ మీద మాటలు మీవి, అక్షరాలు నావి.

అక్క బోర్డు కొత్త రేకు మీద మళ్లీ రాశాను. ఈసారి వెనక వైపు కూడా రంగు వేశాను.

ఇట్లు,
మీరు తిట్టబోయే తిట్లకి ముందే తల వంచిన
బావమరిది

తా.క.: దిగులు పడకండి, మ్యూజియంలో మీ పేరు కూడా ఉంది. నకిలీని ఎలా గుర్తుపట్టాలో పిల్లలకి చూపిస్తానని మేడమ్ నా రేకు బాకు కూడా అడిగి పట్టుకెళ్లారు. పక్క పెట్టెలో పెట్టారు. కింద "ఒంపులు పన్నెండు" అని, ఇచ్చినవారు అంటూ మీ పేరూ రాశాను. బంగారు రంగుతో.

ఇంకో తా.క., అక్క చేతిరాత: ఏమండీ, మిషను బాగా నడుస్తోంది. అంత పనిమంతుడైన రిపేరువాణ్ణి నేనూ ఒకసారి కళ్లారా చూడాలనుకుంటున్నాను. వచ్చేటప్పుడు వెంటబెట్టుకు రండి.