కత్తెర పడని మాట

ప్రియమైన కత్తెరకు,

ఈ కవరులో మెమొరీ కార్డు ఉంది. మూడు మతాల్లో ఉపవాసం గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. ఎప్పటిలాగే కత్తిరించి పన్నెండు నిమిషాల వీడియోగా కుదించు తమ్ముడూ. ఇక్కడి నెట్‌లో పంపడం మొదలుపెడితే నా థీసిస్ గడువు దాటిపోతుంది, అందుకే పోస్టులో వేస్తున్నాను. మధ్యలో ఒకచోట, "ఉపవాసం గురించి చెప్పేవాళ్లు ముందు కడుపునిండా తిని కూర్చోవాలి, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అన్నాను. అది తీసెయ్. నా గురించే అన్నాను కానీ, వినేవాళ్లకు వెటకారంలా ఉంటుంది.

థీసిస్ ఇవ్వడానికి ఇంకా ఆరు వారాలున్నాయి. రోజూ లైబ్రరీ, ఆదివారం పొద్దున వీడియో. "గడువు తప్పనంతవరకు నాకేం అభ్యంతరం లేదమ్మా" అన్నారు గైడు గారు.

ఇంకో సంగతి. పోయిన వీడియో కింద కామెంట్లలో ఎవరో నా గది పరదా ఏ రంగో రాశారు. రంగు సరిగ్గానే రాశారు. కానీ వీడియోలో పరదా కనిపించదు. నా వెనక కనిపించేది ఉత్త గోడే కదా. ఆ రోజు నుంచి కుర్చీ తలుపు వైపు తిప్పుకుని చదువుకుంటున్నాను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

కార్డు అందింది. ఆ మాట తీసేసి వీడియో పెట్టేశాను.

థీసిస్ అయ్యేదాకా వీడియోలు ఆపకూడదా? మతం గురించి నువ్వెంత ఆచితూచి చెప్పినా వినేవాడు తనకు కావలసిందే వింటాడు. ముందు డిగ్రీ చేతికి రానీ. "భయపడుతున్నావురా" అంటావు. అవును, భయపడుతున్నాను. గది మారడానికి వీలుంటే మారు. లేకపోతే కిటికీ దగ్గర మాత్రం నిలబడకు.

స్టూడియోలో పని మామూలే. ఈ వారం అన్నీ పాస్‌పోర్టు ఫొటోలే. షట్టరు సాయంత్రం అయిదింటికే దించేస్తున్నాను. చలి ఎక్కువగా ఉంది.

నీ కత్తెర

*

ప్రియమైన తమ్ముడికి,

మూడు వారాలుగా రాయలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా శాఖాధిపతికి పేరు లేని కవరు వచ్చింది. ఉపవాసం వీడియోలో నేనన్న మాటలన్నీ తొమ్మిది పేజీల్లో టైపు చేసి ఉన్నాయి. పైన ఒకే వాక్యం: "మీ విద్యార్థిని చేత ఈ వీడియోలు ఆపించండి." ఆయన నన్ను పిలిపించారు. ఏడో పేజీ తిప్పి చూపించారు.

"కడుపునిండా తిని కూర్చోవాలి అన్నది మీరేనా?"

"నేనే సార్."

"మతాల మీద పరిశోధన చేస్తూ వెటకారమా?"

వచ్చే మంగళవారం కమిటీ కూర్చుని నా థీసిస్ తీసుకోవాలో వద్దో తేలుస్తుంది. నాలుగేళ్ల పని అది. సంచి జిప్పు కూడా వేసుకోకుండా బయటికి వచ్చేశాను.

మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. ఆ మాట వీడియోలో లేదు. గదికి వెళ్లి రెండుసార్లు చూశాను. అది ఉన్నది కార్డులో. ఆ కార్డు నా చేతి నుంచి పోస్టులో నీ చేతికే వెళ్లింది.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నిన్ను ఇంతగా ఎవరు భయపెట్టార్రా?

అక్క

*

అక్కా,

టైపు చేసింది నేనే. కార్డు పెట్టుకుని, వింటూ కొట్టాను. తీసేసిన మాట అందులోకి వచ్చిందని చూసుకోలేదు.

నీ కార్డు అందిన మర్నాడు ఇద్దరు స్టూడియోకి వచ్చారు. పాస్‌పోర్టు ఫొటో అన్నారు. మొదటివాడికి గడ్డం కాస్త ఎత్తమని చెప్పాను. ఎత్తి, లెన్సులోకి చూస్తూ అడిగాడు: "మీ అక్కగారు ఇంకా మూడో అంతస్తులోనే ఉంటున్నారా?" నా వేలు బటన్ మీదే ఉంది, నొక్కేశాను. రెండోవాడు కూడా మర్యాదగా కూర్చుని తీయించుకున్నాడు. "వీడియోలు ఆగకపోతే ఫొటోల కోసం మళ్లీ వస్తాం" అని వెళ్లారు.

నీకు చెబితే దాని మీదే ఇంకో వీడియో చేస్తావు. నా మాట ఎలాగూ వినవు, మీ శాఖ పెద్దసారు చెబితే వింటావనుకున్నాను. వీడియోలు ఆగితే చాలనుకున్నాను. థీసిస్ మీదికి వస్తుందని నా బుర్రకు తట్టలేదు.

నిన్న ఆ ఫొటోలు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఇన్నాళ్లూ సొరుగులో పెట్టుకుని ఏం చేస్తున్నావని అడిగారు. ఫిర్యాదు రాసుకున్నారు. నకలు, వాళ్ల ఫొటోలు ఈ కవరులో పెట్టాను. ముఖాలు గుర్తుపెట్టుకో. కవరు రాసింది నేనేనని సంతకం పెట్టి మీ శాఖాధిపతికి వేరే ఉత్తరం వేశాను.

కొత్త కార్డు పంపుతావో మానతావో నీ ఇష్టం. పంపితే, నువ్వు చెప్పిన చోట తప్ప ఎక్కడా కొయ్యను.

మంగళవారం వస్తున్నాను. కమిటీ వాళ్లు రానిస్తే లోపలికి వచ్చి ఇదంతా చెబుతాను. రానివ్వకపోతే బయట బల్ల మీద కూర్చుంటాను. ఆ సాయంత్రం నీ కుర్చీ ఎటు కావాలంటే అటు తిప్పుకో. తలుపు దగ్గర నేనుంటాను. నాకింకా భయంగానే ఉంది.

నీ కత్తెర