చివరి బిగింపు ఎవరిది

గడ్డి తిరగేసే మిషన్లు బాగుచేసే షెడ్డు యజమానురాలిని, అరవై ఎనిమిదేళ్ళదాన్ని, అందరూ పళ్ళ డాక్టరమ్మ అని పిలిచే నేను, ఒకరు చెప్పారని గానీ ఒకరికి భయపడి గానీ కాకుండా, పూర్తి తెలివిలో ఉండి, నా అంతట నేను రాసి పెడుతున్న వీలునామా ఇది. నాకు బీపీ ఉంది. కుడి మోకాలు చెప్పిన మాట వినదు. ఎడమ చెవి తనకు నచ్చినవే వింటుంది. బుర్ర మాత్రం శుభ్రంగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని దీనికి జతపరిచాను. లోగడ నేను వేరే వీలునామా ఏదీ రాసి ఉండలేదు. ఇందులో సొంత గొడవలు రాయకూడదని లాయరుగారి గుమాస్తా అన్నాడు. ఆస్తి నాదైనప్పుడు గొడవలు మాత్రం ఎవరివని అడిగాను.

మా పని తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. కోసిన పచ్చిగడ్డిని అలాగే వదిలేస్తే పైన ఎండుతుంది, కింద కుళ్ళుతుంది. ట్రాక్టరు వెనక తగిలించే ఈ మిషనుకు నాలుగు పెద్ద చక్రాలు, ఒక్కో చక్రం చుట్టూ పొడుగాటి ఇనప పళ్ళు ఉంటాయి. అవి గిర్రున తిరుగుతూ గడ్డిని లేపి, విదిలించి, ఎండకు పరుస్తాయి. ఆ పళ్ళు తరచూ విరుగుతాయి. వాటిని మార్చడం నా పని, నా పేరుకు కారణం కూడా అదే. నిజంగా పన్ను నొప్పితో ఒకాయన షెడ్డు దాకా వచ్చాడు. నా చేతిలో పట్టకారు చూసి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు.

1. నేను ఉంటున్న రెండు గదుల ఇల్లు, వంటిల్లు, వెనక పంచ సహా, నా తదనంతరం నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందవలసినది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. అమ్మాయీ, వంటింటి కిటికీ రెక్క కింద ఒక వాషరు పెట్టాను, తీయకు. తీశావంటే ఏ కాస్త గాలి వీచినా టపటపా కొట్టుకుంటుంది. బీరువాలో మీ నాన్న చేతిగడియారం ఉంది. అది ఆగి పదకొండేళ్ళయింది. నాకు గడియారాల పని రాదు, ఇంకొకరి చేతికి ఇవ్వడానికి మనసొప్పలేదు. నీకు మనసొప్పితే బాగుచేయించుకో.

2. నా గ్రీజు గన్ను మా అల్లుడికి దఖలు పరుస్తున్నాను. అల్లుడుగారు ఈ మిషన్లు తయారుచేసే కంపెనీలోనే, చల్లటి గదిలో కూర్చుని, కంప్యూటరు మీద వాటి బొమ్మలు గీస్తారు. బంగారంలాంటి మనిషి, నా కూతురిని పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు, అందులో పేరు పెట్టడానికేం లేదు. కానీ ఆయన గీసిన మిషనులో మూడో చక్రానికి గ్రీజు పెట్టే చోటు, రోడ్డెక్కేందుకు పక్క రెక్కలు మడిచినప్పుడు టైరు వెనక్కి పోతుంది. రెక్కలు విప్పితే అడ్డంగా ఒక పట్టీ వస్తుంది. ఇదేమిటి నాయనా అని అడిగితే, బొమ్మలో బాగానే కనిపిస్తోంది అత్తయ్యా అన్నాడు. కనుక షరతు ఏమనగా, సదరు గన్ను పుచ్చుకునే ముందు, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, నేల మీద వెల్లకిలా పడుకుని, ఆ చోట తన చేత్తో ఒక్కసారి గ్రీజు పెట్టవలెను. నా కూతురు పక్కన నిలబడి చూడవలెను. నవ్వడం, నవ్వకపోవడం ఆమె ఇష్టం.

3. నీలం అట్ట నోటుపుస్తకం కూడా అల్లుడికే. మిషన్లలో నేను కనిపెట్టిన తప్పులు ముప్పై ఒకటి, వాటికి చేసిన చికిత్సలు అందులో ఉన్నాయి. పెద్దవేమీ కావు. గతుకుల్లో ఎగిరిపడే పిన్నుకి సైకిలు ట్యూబు ముక్క కట్టాను. చక్రం ఇరుసుకి గడ్డి జడలా చుట్టుకుని బిగుసుకుపోతుంటే, పాత డ్రమ్ము మూత గుండ్రంగా కోసి అడ్డం వేశాను. పళ్ళు ఎంత వాలుగా ఉండాలో చెప్పే అంకెల స్టిక్కరు ఒక్క వానకే చెరిగిపోతుంది. అక్కడ ఉలితో గాట్లు పెట్టాను. వీటిలో నాలుగు కంపెనీవారు కొత్త మిషన్లలో పెట్టుకున్నారని విన్నాను. నాకు చెప్పలేదు. చెప్పకపోయినా సంతోషమే, ఎక్కడో ఒక మనిషి చేతివేలు తెగకుండా ఉంటే నాకు చాలు. మిగిలిన ఇరవై ఏడూ వారి పుణ్యం.

4. నా ట్రాన్సిస్టరు రేడియో షెడ్డు పక్కన కొట్టులో కుట్టుపని చేసే దర్జీకి. ముప్పై ఏళ్ళుగా అది నా దగ్గర ఉండి కూడా ఆయనకు ఇష్టమైన పాటలే పాడింది, గోడకు అటువైపు నుంచి ఆయన కేకేసి స్టేషను మార్పించేవాడు. నా కూతురి పెళ్ళికి నాకు కుట్టిన జాకెట్టులో చెయ్యి పైకెత్తలేకపోయాను, ఆశీర్వదించడానికి కూడా. ఆ విషయం మరిచిపోలేదని ఆయనకు తెలియజేయవలెను.

5. షెడ్డు గుమ్మంలో ఉండే చేతుల కుర్చీ పాలాయనకు. ఆయన పాడి పశువుల ఆసామి, మా షెడ్డుకు మొదటి నుంచీ వస్తున్న మనిషి. మిషను బాగయ్యేదాకా ఆ కుర్చీలోనే కూర్చుంటాడు, దాని గుంట ఆయన కొలతకే పడింది. ఈయన గురించి కిందున్న ఏడో అంశంలో మరికొంత ఉంది.

6. వెల్డింగు మిషను, కళ్ళద్దాలతో సహా, నా తమ్ముడి కూతురికి. మేనకోడలు అని చెప్పడం కాదు, ఈ షెడ్డులో తొమ్మిదేళ్ళుగా నాకు కుడిభుజం. దాని అతుకు చూస్తే అతికినట్టే తెలియదు. ఇద్దరు పిల్లల తల్లయింది కాబట్టి ఇక తిట్టడం మానేశాను, అది కూడా నన్ను తిట్టడం మానేస్తే బాగుంటుంది.

7. ఇప్పుడు షెడ్డు. రేకుల కప్పు, కింద స్థలం, పానాల బల్ల, చైను కప్పీ, విడిభాగాల డబ్బాలతో సహా సదరు షెడ్డు యావత్తూ నా తమ్ముడికి చెందవలసినది. ఎందుకో రాయాలి. ఇది రాయడానికే ఈ వీలునామా మొదలుపెట్టాను, తిన్నగా చెప్పలేక గ్రీజు గన్నులతో కాలక్షేపం చేశాను.

తమ్ముణ్ణి అందరూ వదులు బోల్టు అంటారు. పందొమ్మిదేళ్ళుగా అంటున్నారు. ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నాడు. దారిలో టైరు మార్చవలసి వస్తే, నట్లు ఇంకొకరిచేత బిగింపించుకుంటాడు. ఒకప్పుడు వాడు కళ్ళకు గంతలు కట్టినా మిషను విప్పి బిగించేవాడు. పని నేర్పింది నేనే అయినా, చెయ్యి వాడిదే మంచిది.

పందొమ్మిదేళ్ళ కిందట ఒకసారి పాలాయన మిషను ఎనిమిది పళ్ళు విరగ్గొట్టుకుని వచ్చింది. మబ్బు పట్టి ఉంది, ఆయన గడ్డి నేల మీద ఉంది, అందరికీ తొందరే. తమ్ముడు అయిదు పళ్ళు వేసి బోల్టుల కోసం బజారుకు వెళ్ళాడు. మిగిలిన మూడూ నేను వేశాను. సాయంత్రం వాడు తిరిగి వచ్చి అన్నింటినీ ఒక చుట్టు బిగించి పంపాడు. నెల తిరక్కుండా పాలాయన ఆవు చనిపోయింది. పశువుల డాక్టరు చూస్తే దాని కడుపులో వేలెడు ఇనప ముక్క, మిషను పన్ను కొస. పాలాయన ఆ ముక్క తెచ్చి బల్ల మీద పెట్టి, ఇది బిగించింది ఎవరని అడిగాడు. గొంతు పెంచలేదు. ఆ ఆవు పేడ కూడా తన చేత్తోనే తీసే మనిషి.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు విప్పినా, ఎవరు వేసినా, చివరి బిగింపు ఎవరిదో మాట పడేదీ వారే. తమ్ముడు లేచి నిలబడి, "చివరి బిగింపు నాదే అన్నా. తప్పు నాదే" అన్నాడు.

ఆ పూటకు నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు ఆ మిషను నా చేతికి వచ్చింది. మిగిలిన మొదళ్ళు విప్పి చూశాను. ఈ మిషన్లో పక్కపక్క చక్రాలు ఎదురెదురుగా తిరుగుతాయి. అందువల్ల పళ్ళలో ఎడమవి వేరు, కుడివి వేరు. ప్రతి పన్ను మొదట్లో స్ప్రింగు చుట్ట ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ చుట్ట బిగుసుకోవాలి. అటుది ఇటు వేస్తే చుట్ట విచ్చుకుంటుంది, పన్ను కొద్ది రోజుల్లోనే విరుగుతుంది. విరిగినవి మూడూ ఎడమ పళ్ళు, కుడి పళ్ళు వేయవలసిన చక్రానికి ఉన్నాయి. అవి నేను వేసినవే. ఎంత బిగించినా అవి విరిగేవే. తమ్ముడి బిగింపులో ఏ లోపమూ లేదు.

ఇది తెలిసి కూడా నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆడది పానా పట్టిందేమిటని అప్పటికే నలుగురూ నా చేతి వైపే చూస్తున్నారు, ఒక్క తప్పు దొరికితే షెడ్డు మూతపడేది. ఇది కారణం మాత్రమే, సాకుగా చెప్పడం లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే వాడు షెడ్డు మానేశాడు, పేరు అతుక్కుపోయింది. నా దగ్గరికి రావడం మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి నా చేతి వంట తిని, బాగుందక్కా అని వెళ్ళేవాడు.

ఆ తరువాతే ఎడమ పళ్ళకు ఎర్రరంగు, కుడివాటికి తెల్లరంగు పూయడం మొదలుపెట్టాను. పన్ను విరిగినా గడ్డిలో పడకుండా వేలాడేలా, చుట్టలోంచి సన్నటి ఉక్కు తాడు తీసి కట్టాను. నోటుపుస్తకంలో అది పద్నాలుగో చికిత్స. దానికే నన్ను ఎక్కువ మెచ్చుకున్నారు, ఒకసారి శాలువా కూడా కప్పారు. ఆ మెప్పు రావలసింది తమ్ముడికి, ఎందుకంటే దాని ఖరీదు కట్టింది వాడే.

కావున నేను పోయాక, ఈ ఏడో అంశాన్ని షెడ్డు గుమ్మంలో, పాలాయన ఎదుట, నా కుమార్తె బిగ్గరగా చదివి వినిపించవలెను.

8. నేను పోయిన రోజు ఎండ బాగా ఉండి, ఎవరి గడ్డి అయినా నేల మీద ఉంటే, నా కోసం పని ఆపరాదు. సాయంత్రం తీరిగ్గా రావచ్చు. నేనెక్కడికీ వెళ్ళను.

పై ఎనిమిది అంశాలూ గురువారం రాశాను. శుక్రవారం కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ చదువుకుంటే నాకే సిగ్గు వేసింది. తప్పు చేసిన మనిషి చేతికి అందకుండా పోయాక, అమ్మాయి నిలబడి చదవాలట. బతికుండగా నోరు పెగలని పిరికితనాన్ని ఆస్తిలాగా పంచిపెడుతున్నాను. శనివారం బస్సుకు సెలవు. తమ్ముణ్ణి పిలిచి కాగితాలు చేతిలో పెట్టాను.

వాడు పానాల బల్ల దగ్గర నిలబడి చదివాడు. ఏడోది రెండుసార్లు చదివాడు. నేను ఏడ్చాను, వాడు ఏడవలేదు. కాగితాలు మడిచి, పాలాయనకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. అయితే ముందు అక్కడికి పద అన్నాడు. ఇద్దరం నడిచి వెళ్ళాం. పాలాయన పాలు పితకడం ఆపకుండా అంతా విన్నాడు. బిందె పక్కన పెట్టి లేచి, తమ్ముడి ముందుకు వచ్చి, ఆ రోజు నేను నిన్ను ఒక్క మాట ఎక్కువ అనలేదు గానీ, తరువాత నలుగురిలో నీకు ఆ పేరు పెట్టింది నేనే అన్నాడు. వాళ్ళిద్దరూ నన్నెంతవరకు క్షమించారో నేను అడగలేదు. పాలాయన మాత్రం మాతోపాటు షెడ్డుకు వచ్చి, తన కుర్చీలో కూర్చున్నాడు.

ఈ వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. సాక్షి సంతకం చేసినవారికి ఇందులో రాసిన ఆస్తి చెల్లదని గుమాస్తా ముందే చెప్పాడు. అదే మాట తమ్ముడికి చెప్పాను. వాడు కలం తీసుకుని, "షెడ్డు నాకొద్దక్కా. నా బిగింపులో లోపం లేదని నువ్వు రాసిన ఆ మాట కింద నా సంతకం ఉండాలి" అన్నాడు.

అందుచేత ఏడో అంశంలోని షెడ్డు, అందులోని యావత్తు సామగ్రితో సహా, నా తమ్ముడి కుమార్తెకు సర్వహక్కులతో చెందునట్లు మారుస్తున్నాను. మిగిలినదంతా ఒక్క అక్షరమైనా కొట్టివేయకుండా అలాగే ఉంచుతున్నాను. పాలాయన కూడా సాక్షి సంతకం చేస్తానన్నాడు గనుక, అయిదో అంశంలోని కుర్చీ ఇక వీలునామా పాలు కాకుండా, ఈరోజే ఆయనకు స్వహస్తాలతో ఇచ్చివేశాను. ఇంటికి తీసుకుపోనని, ఇక్కడే ఉండనిమ్మని అన్నాడు.

పై సంగతులన్నీ నేను చదువుకుని, నిజమని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: రెండువేల ఇరవై అయిదు జూన్ పద్నాలుగు, శనివారం, పగలు పదకొండు గంటలు.

(సంతకం) పళ్ళ డాక్టరమ్మ

సాక్షులు:

1. (సంతకం) పాలాయన. వృత్తి: పాడి పశువుల పెంపకం.

2. (సంతకం) పై వీలునామా రాసినామె తమ్ముడు. వృత్తి: మెకానిక్కు.

దిద్దుబాటు వివరం: రెండో సాక్షి వృత్తి దగ్గర మొదట రాసిన "డ్రైవరు" అన్న మాటను ఆయనే కొట్టివేసి, "మెకానిక్కు" అని తన చేత్తో రాసుకున్నారు. ఈ దిద్దుబాటుకు మా ముగ్గురికీ సమ్మతమే.