వాన ప్రార్థనలు ఎందుకు తగ్గాయంటే

త్రిపురాంతకం,
ఆదివారం

అమ్మా ఫెబీ,

ప్రభువు కాపుదలలో ఇక్కడ అందరం బాగున్నాం.

వాతావరణం గురించి దేశాలన్నీ కూర్చునే సభకు నువ్వు వెళ్తున్నావని చర్చిలో చెప్పాను. అక్కడ దేశాలను పార్టీలంటారని చెప్తే పిచ్చయ్య మామ, "అయితే మన పార్టీ గెలిచేదేనా?" అన్నాడు. అందరం నవ్వాం. నిజంగా, అక్కడ ఓడిన పార్టీ ఏమవుతుందమ్మా?

నీ పరిశోధన కోసం మన స్త్రీల సమాజం ప్రార్థన మనవులు రాసుకునే పుస్తకం ఫొటోలు పంపాను కదా. ఎనిమిదేళ్ళుగా వాన ప్రార్థనలు తగ్గాయి, వానలు మెరుగయ్యాయా అత్తా అని అడిగావు. లేదమ్మా, నివేదికలో అలా రాయవద్దు. మొదట్లో వాన కోసం మోకరించేవాళ్ళం. తర్వాత బోరులో నీళ్ళు పడాలని అడిగాం. ఇప్పుడు ట్యాంకరు మన వీధికి ముందు రావాలని అడుగుతున్నాం. అన్నీ నా చేత్తో రాసినవే అయినా, నువ్వు అడిగేదాకా నేను గమనించలేదు.

ఎందుకిట్ల అయిందని మన సమాజంలోని యేసుమణిని అడిగాను. "రానిదాన్ని ఎన్నేళ్ళు అడుగుతాం వదినా? అడిగి అడిగి సిగ్గయింది" అనింది.

డబ్బున్న దేశాలు ఈసారైనా మనలాంటి ఊళ్ళకు సాయం ఇస్తాయని నీకు ఎంతో ఆశ. ఎంత అడగాలో నాకు తెలియదు. ఈరోజు కూడికలో మాత్రం, చాలాకాలానికి, వాన కోసమే ప్రార్థించి పుస్తకంలో రాశాం.

మాలాగ నువ్వూ అక్కడ ట్యాంకరు మాత్రమే అడిగి రావద్దు తల్లీ.

నీ మేనత్త