క్లోవిస్ కూనిరాగం

ఇండియానాపొలిస్,
నవంబరు 6, 1972.

ప్రియమైన థర్మన్‌కి,

‘ప్రియమైన’ అని చేతి అలవాటు కొద్దీ పడింది. కొట్టేద్దామనుకున్నాను, మంచి కాగితం పాడవుతుందని ఊరుకున్నాను. అంతకు మించి నీ మీద నాకు ప్రేమేమీ మిగల్లేదు.

శనివారం యూలా దుకాణంలో జుట్టు కడిగించుకుని, ఆరబెట్టే యంత్రం కింద తల పెట్టుకుని కూర్చున్నాను. రేడియోలో మన రికార్డు వేశారు. యూలా ఒక్క ఉదుటున యంత్రం ఆపేసి, "ఒసేయ్ అర్డెల్లా, మీ ఆయన బతికొచ్చాడే! వినవే!" అని గంతులేసింది. దుకాణంలో ఉన్న ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. తడి జుట్టుతోనే నేనూ నవ్వుతూ వినడం మొదలుపెట్టాను. మొదటి పాట సగం కూడా కాలేదు, నా నవ్వు ఆగిపోయింది. ఆ బాస్ తీగల మీద ఆడుతున్న వేళ్ళు నా మొగుడివి కావు.

ఎవరిని మోసం చేద్దామనుకున్నావురా? ఇరవయ్యేళ్ళు మీ అన్న నిలువెత్తు బాస్ పట్టుకుని నిలబడితే, ఆ పక్కనే కూర్చుని పియానో వాయించిన దాన్ని నేను. క్లోవిస్ ఎప్పుడూ తాళానికి వెంట్రుకవాసి వెనకుంటాడు. అన్నానికి పిలిచినా "వస్తున్నా, వస్తున్నా" అంటూ వచ్చేవాడు కదా, వాయింపులోనూ అంతే. ఈ రికార్డులో వాడెవడో ఠంచనుగా తాళం నెత్తిమీదే దిగుతున్నాడు. పైగా కూనిరాగం లేదు. రేడియో కాబట్టి వినపడలేదేమో అనుకుని ఇంటికొచ్చి నా చిన్న గ్రామఫోను పెట్టెలో వేసుకుని విన్నాను. అక్కడా లేదు.

వాయిస్తున్నంత సేపూ ఆ స్వరాలే గొంతులో సన్నగా తియ్యడం ఆయన అలవాటు. ప్రతి స్టూడియోలోనూ దాని మీద గొడవే. "అన్నా, నోరు మూసుకుని వాయించలేవా?" అని నువ్వే విసుక్కునేవాడివి. "నోరు మూస్తే చేతులు కూడా మూసుకుంటాయిరా పొట్టోడా" అనేవాడు ఆయన. ఈ మార్చిలో మమ్మల్ని న్యూయార్కు పిలిపించి రికార్డు చేసినప్పుడు కూడా, ఆ కూనిరాగం మా మైకుల్లో పడకూడదని ఆయన్ని ఒక్కణ్ణీ అద్దాల గదిలో నిలబెట్టావు. ఒక్కొక్కరిని టేపు మీద ఒక్కో దారిలో ఎక్కిస్తారనీ, నచ్చకపోతే ఒకరి దారి చెరిపేసి మరొకరిని ఎక్కించొచ్చనీ నువ్వే గొప్పగా చెప్పావు. ఎందుకు చెప్పావో ఇప్పుడు తెలిసింది. ఆగస్టులో మీ అన్న పోయాడు. నవంబరు వచ్చేసరికి టేపు మీద కూడా చంపేశావు. అట్ట మీద మాత్రం ‘బాస్: క్లోవిస్ గాడిస్’ అని సిగ్గు లేకుండా అచ్చు వేశావు. చచ్చినవాడి పేరుకి గిరాకీ ఎక్కువనా?

నీకిది కొత్తేం కాదులే. ఏ ఎండకా గొడుగు పట్టడం నీకు పుట్టుకతో వచ్చింది. మన ఊరి అవెన్యూ వీధి క్లబ్బుల్లో ట్రాంబోన్ ఊదావు, బాగుంది. సైన్యంలో బ్యాండు నడిపావు, అదీ బాగుంది. తరవాత గాయనీమణుల వెనక వయొలిన్లు పేర్చావు. సబ్బుల ప్రకటనలకు బాణీలు కట్టావు. కాలిఫోర్నియా పోయి సినిమాలో గుర్రాలు పరిగెత్తడానికి సంగీతం రాశావు. ఇప్పుడు ప్రొడ్యూసర్‌వయ్యావు, జనం కాళ్ళాడిస్తే చాలంటున్నావు. ఎవరెన్ని అన్నా నిన్ను వెనకేసుకొచ్చింది మీ అన్నే. "వాడికి పది విద్యలున్నాయి, ఓర్వలేక ఏడుస్తున్నారు" అనేవాడు. ఆయన చేతిలో ఉన్నది ఒక్క విద్య. దాన్నే చెరిపేశావు.

మార్చిలో ఆయన వాయించింది ఆయనకి తిరిగి ఇచ్చెయ్. ఆ టేపుతో రికార్డు మళ్ళీ అచ్చు వెయ్యి. కుదరదంటావా, అట్ట మీంచి ఆయన పేరు పీకెయ్. రెండూ చెయ్యకపోతే సంగీతకారుల యూనియన్‌కి ఫిర్యాదు రాస్తాను. డిసెంబరు మూడున చర్చి హాల్లో ఆయన సంస్మరణ. మనవాళ్ళ ఆచారం నీకు తెలుసు. పోయినవాడి వాయిద్యాన్ని వేదిక మీద పక్కకి పడుకోబెడతాం. ఒక పాటలో అతని వంతు వచ్చినప్పుడు అందరం చేతులు ఆపి, ఆ ఖాళీని అలాగే పోనిస్తాం. ఖాళీ కనిపిస్తే పూడ్చకుండా ఉండలేవు నువ్వు. అందుకని రావద్దు.

నీకు ఇక వదిన కాని,
అర్డెల్లా.



న్యూయార్కు,
నవంబరు 11.

వదినకి,

కాదన్నా నాకు వదినవే. నువ్వు విన్నది నిజం. ఆ వేళ్ళు అన్నయ్యవి కావు, నావి. మార్చిలో అన్నయ్య వాయించిన దాన్ని చెరిపేశాను. అది ఇంకెక్కడా లేదు, తిరిగి పెట్టలేను. అట్ట మీంచి పేరు తియ్యమన్నావు, అది మాత్రం చచ్చినా తియ్యను. ఎందుకని అడగొద్దు, చెప్పను. యూనియన్‌కి రాసుకో. వాళ్ళు పిలిస్తే వచ్చి తప్పు నాదేనని ఒప్పుకుంటాను. డిసెంబరులో రావద్దన్నావు కాబట్టి రాను.

వేళకి తిను. పిల్లలకి పియానో పాఠాలు చెబుతూ భోజనం మర్చిపోతావు.

నీ మరిది,
థర్మన్.



ఇండియానాపొలిస్,
నవంబరు 15.

థర్మన్,

నీవా! నీ వేళ్ళా! చదివాక అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవడో కూలివాడిని పెట్టి వాయించావనుకున్నాను, వాడి మొహం తెలియదు కాబట్టి కొంత నయం. నువ్వే ఎక్కి కూర్చున్నావా మీ అన్న పీట మీద?

మీ అమ్మ పోయాక పదహారేళ్ళవాడివి, ట్రాంబోన్ పెట్టె ఒకటి చంకన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డావు. స్వరాల పొందిక నా పియానో దగ్గర నేర్చుకున్నావు. మీ అన్న నీ వెనక నిలబడి, నీ వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి ఆ బాస్ తీగలు నొక్కించేవాడు. నేను మొక్కజొన్న రొట్టె పొయ్యి మీంచి దించేలోపే సగం తినేసేవాడివి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. అదీ ఆయన నేర్పిన వేళ్ళతోనే లెక్కపెట్టావు.

ఆయన బతికుండగా ఒక్క మాట అడిగావా? "అన్నా, నీది చెరిపేసి నేను వాయించుకోనా" అని ఫోను చేస్తే పోయేదా? వేసవంతా ఇంట్లోనే ఉన్నాడు కదా. జూన్‌లో పాత స్నేహితులతో చేపల వేటకని మిషిగన్ సరస్సుకి వెళ్ళిన నాలుగు రోజులు తప్ప నా పక్కనుంచి కదల్లేదు. అడిగే దమ్ము లేక, ఆయన్ని పాతిపెట్టేదాకా ఆగావు. ఆ మార్చిలో ఆయన ఎలా వాయించాడో నీకేం తెలుసు? చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని పొద్దున్నే చొక్కా గుండీలు కూడా నాచేత పెట్టించుకున్నాడు. ఆ వేళ్ళతోనే, నా పక్క అద్దాల గదిలోంచి, ఒక్క చోట కూడా నన్ను విడిచిపెట్టకుండా వాయించాడు. హెడ్‌ఫోన్లలో నా చెవులతో విన్నాను. అంత బాగా మేమిద్దరం ఎన్నడూ కలవలేదు. అదే ఆయన ఆఖరిది. దాన్ని తుడిచేసి, ‘ఎందుకని అడగొద్దు’ అంటావా? నోట్లో వేలు పెడితే కొరకలేనివాడిలా ‘వేళకి తిను’ అని సలహా ఒకటి!

మన డ్రమ్ముల పర్విస్ నా మాట నమ్మడం లేదు. "నీకు పిచ్చా చెల్లెమ్మా, అది క్లోవిస్ కాకపోతే ఇంకెవరు?" అంటున్నాడు. వాడింట్లో గోడంత స్పీకర్లున్నాయి. ఆదివారం చర్చి అయ్యాక నీ ఉత్తరం, నీ రికార్డు రెండూ పట్టుకెళ్ళి వాడి ముందే వేస్తాను. వాడి సాక్షి సంతకంతో యూనియన్‌కి ఫిర్యాదు పంపుతాను. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

అర్డెల్లా.



ఇండియానాపొలిస్,
నవంబరు 20.

థర్మన్,

ఏమని పిలవాలో తెలియక ఉత్త పేరు రాశాను. కోపం పోయిందనుకోకు. ఇంతకుముందు నీ ఒక్కడి మీదే ఉండేది, ఇప్పుడు ఇద్దరి మీదా ఉంది. అందులో ఒకడు మట్టి కింద పడుకుని తప్పించుకున్నాడు.

నిన్న పర్విస్ ఇంటికి వెళ్ళాను. కుర్చీలో కూర్చోనైనా లేదు. "పెట్టు, పెద్దగా పెట్టు, విని సిగ్గు తెచ్చుకో" అన్నాను. వాడు పెట్టాడు. మొదటి పాటలో బాస్ వస్తూనే, దాని అడుగున సన్నగా, నా చిన్న పెట్టెలో పలకనిది ఇంకేదో వినపడింది. పర్విస్ నా మొహంలోకి చూశాడు. కూనిరాగం. క్లోవిస్ కూనిరాగం.

ముందు నాకు బుర్ర పనిచెయ్యలేదు. మార్చిలో ఆయన ఉన్నది అద్దాల గదిలో. అక్కడి కూనిరాగం అక్కడి మైకులోనే పడింది. ఆ దారంతా చెరిపేశానని నువ్వే రాశావు. మరి ఇదెక్కడిది? రెండోవైపు ఆఖరి పాట వచ్చింది. పియానో ఒక్కటీ పోతుంటే, బాస్ ఎత్తుకునే ముందు ఒక గొంతు మెల్లిగా అంది, "ఊఁ, ఇప్పుడు దిగరా పొట్టోడా" అని.

పొట్టోడా! నిన్ను ఆ పేరుతో పిలిచేవాడు ఈ లోకంలో ఒక్కడే. నీ వేళ్ళు తీగల మీద ఉన్నప్పుడు ఆయన బతికి ఉన్నాడు. నీ పక్కనే కుర్చీలో కూర్చుని, ప్రతి స్వరం నీకు గొంతుతో అందిస్తున్నాడు, నువ్వు దాన్ని వేళ్ళతో పలికిస్తున్నావు. జూన్‌లో నాలుగు రోజులు నీ స్టూడియోలోనే ఉన్నాడు. మిషిగన్ సరస్సూ లేదు, గాలమూ లేదు. శుభ్రంగా కడిగి, కోసి, కాగితంలో చుట్టిన చేపలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నేనే పట్టా" అన్నాడు. పిండిలో పొర్లించి వేయించి పెట్టాను. "సరస్సు చేప రుచే వేరు" అని లొట్టలేసుకుంటూ తిన్నాడు, అబద్ధాలకోరు! ఏ దుకాణంలో కొన్నారురా అవి?

పర్విస్ రికార్డు ఆపి తల వంచుకున్నాడు. "చెప్పకూడదనుకున్నా చెల్లెమ్మా. మార్చిలో క్లోవిస్ ఎడమ చెయ్యి పనిచెయ్యలేదు. వేళ్ళు తీగ దాకా వెళ్ళేసరికి తాళం దాటిపోయేది. థర్మన్ తన యంత్రాల గది అద్దం వెనక నిలబడి ఏడ్చాడు" అన్నాడు.

"నోర్ముయ్. హెడ్‌ఫోన్లు నా చెవులకీ ఉన్నాయి, నాకు వినపడదా?" అన్నాను.

"నీకెలా వినపడుతుంది? ఆయన ఆగితే నువ్వూ ఆగావు. ఆయన ఆలస్యమైతే నువ్వూ ఆలస్యమయ్యావు. మీ ఇద్దరూ చక్కగానే కలిశారు. మధ్యలో తాళం పట్టుకోలేక చచ్చింది నేను" అన్నాడు.

వాణ్ణి కొట్టినంత పని చేశాను. తరవాత వాడి సోఫాలో కూలబడి ఏడ్చాను. ఇరవయ్యేళ్ళు ఒకే మనిషిని వింటూ వాయిస్తే చెవి అలాగే అవుతుంది కాబోలు. మనసులో తాళం కాదు, క్లోవిస్ ఉంటాడు. ఆయన కుంటితే నేనూ కుంటాను, కుంటుతున్నామని తెలియదు. అందుకే అన్నమాట, మార్చిలో అంత బాగా ఎన్నడూ కలవలేదనిపించింది.

ఇప్పుడు నాకు సమాధానం చెప్పు. రోజూ పొద్దున్నే ఆయన చొక్కా గుండీలు పెట్టింది నేను. ఆ చెయ్యి చచ్చుబడిందని నాకు చెప్పడానికి నామోషీ అయ్యింది, ఆరువందల మైళ్ళు పోయి నీకు చెప్పడానికి మాత్రం నోరొచ్చిందా? నాకు ఎడమ చెయ్యి లేదా? చెప్పి ఉంటే ఆయన బాస్‌ని నా పియానోలోనే వాయించి పెట్టేదాన్ని కదా! "దానికి చెప్పకురా, విరిగిపోతుంది" అని నీచేత ఒట్టు వేయించుకుని ఉంటాడు. ఆయన మాటలు నాకు తెలియవా. విరిగిపోవడానికి నేనేమన్నా గాజు గ్లాసునా? అన్నదమ్ములిద్దరూ కలిసి నన్ను కాపాడారట! మీ కాపాడటం తగలెయ్య. మీ పుణ్యమా అని ఆయనతో ఆ ముక్క మాట్లాడకుండానే సాగనంపాను. అది ఏ టేపు మీద ఎక్కించి తెచ్చిస్తావు?

ఇంకొకటి. పక్కగదిలో ఎవడు దగ్గినా పసిగట్టి చెరిపేసేవాడివి. ఆ ఒక్క మాట ఎందుకు ఉంచావో నాకు తెలుసు. ఒట్టు తప్పకుండా నాకు చెప్పడానికి నీకున్న దారి అదొక్కటే. పది విద్యల్లో ఇదొకటి కాబోలు. మీ అన్న వెనకేసుకొచ్చింది ఊరికే కాదు. ఇది మెచ్చుకోలు కాదు.

ఫిర్యాదు కాగితం పొయ్యిలో వేశాను. అట్ట మీద ఆయన పేరు ఉండనీ. మళ్ళీ అచ్చు వేసినప్పుడు దాని పక్కనే నీ పేరు కూడా వెయ్యి. బాస్ వాయించింది ఇద్దరు.

డిసెంబరు మూడున రా. ఆ రోజు బాస్ వాయించడానికి నేను పిలిచిన కుర్రవాడికి వద్దని కబురు పెట్టాను. ఆయన వంతు వచ్చిన పాటలో ఆ బాస్ పడుకునే ఉంటుంది. అప్పుడు నువ్వు చేతులు కట్టుకుని నా పక్కన నిలబడాలి. ఎంత కష్టమైనా సరే, ఆ ఖాళీ ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ తరవాత దాన్ని లేపి మిగతా పాటలన్నీ నువ్వే వాయించు. నోరు తెరిచి వాయించు. ఈ ఇంట్లో మగాళ్ళు నోరు మూసుకున్నది ఇక చాలు.

ఇంకా కోపంగానే ఉన్న
నీ వదిన,
అర్డెల్లా.