గడప ముందు గుడ్డు

మాది-ఓపెయ్ గ్రామం,
డిసెంబరు 4, 2011

నా బంగారు కొడుకు ఓచన్‌కు,

మీ అమ్మ అచిరో దీవించి రాసేది. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం బాగున్నాం. అక్కడ సరిహద్దు అవతల మాగ్విలో నీకు వేళకు తిండి దొరుకుతోందా? ఇటుక బట్టీ పొగకు దగ్గు పెరిగిందేమోనని నాకు ఒకటే దిగులు.

యుద్ధమప్పుడు మమ్మల్ని ఉంచిన శిబిరం ఎత్తేశారు. అందరం పాత ఊరికే వచ్చేశాం. ఇన్నేళ్ళుగా గడ్డి మొలిచిపోయి ఎవరి చేను ఎక్కడిదో తెలియక రోజూ తగువులే. సరిహద్దు వాగుకు అవతలా ఇవతలా అని రెండు దేశాలవాళ్ళూ వాదించుకుంటున్నారు. మన నువ్వుల చేను మాత్రం ఇవతలే ఉందిలే, భయపడకు.

వచ్చేటప్పుడు కొండ కింది దారిన రావద్దు. పాతిపెట్టిన మందుపాతరలు ఇంకా అన్నీ తీయలేదట. మొన్న ఓ మేక పోయింది. గట్టు మీదుగా, ఆవులు నడిచిన దారినే రా. వాగు దగ్గర సైనికులు ఆపితే మీ నాన్న పేరు చెప్పు. పరిగెత్తకు.

నువ్వు రాననేది ఎందుకో నాకు తెలుసు. పక్కింటి లామును అత్త మొహం ఎట్లా చూడాలంటావు. అప్పుడు నువ్వెంత, పాలబుగ్గలవాడివి. అడవి దండు నిన్ను ఎత్తుకుపోయి, వీపుకు తుపాకి ఆనించి, నీ చేతనే ఆమె ఇంటికి నిప్పు పెట్టించింది. ఆమె భర్త బయటికి రాలేకపోయాడు.

దూరం పోయి వచ్చినవాళ్ళు గడప ముందు గుడ్డు తొక్కందే లోపలికి రాకూడదు కదా. మన గడప ముందు ఎప్పుడూ ఓ గుడ్డు సిద్ధంగా ఉంటోంది. పాడైతే మారుతుంది. మీ పిన్నేమో, "నీ కొడుకు వచ్చేసరికి ఊళ్ళో కోడిపిల్లనేది లేకుండా చేస్తావే అక్కా!" అని ఎకసెక్కాలాడుతోంది. ఆడనీ. గుడ్డుకు నోరుండదు, ఎవరి తప్పూ ఎత్తి చూపదు. పెద్దలు కూడా, "ముందు పిల్లాణ్ణి రానీ అచిరో, రెండు వంశాలూ కలిసి చేదువేరు రసం తాగి రాజీపడే సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

నువ్వుల ముద్ద వేసి పుల్లకూర వండుతాను. కాళ్ళకు చెప్పులున్నాయా?

దారి చూస్తూ,
అమ్మ

తా.క. ఒక మాట దాచాను, బెదిరి అసలే రావేమోనని. తెగులొచ్చి మన కోళ్ళన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. గడప ముందు గుడ్డు పెడుతున్నది నేను కాదు, లామును అత్త. తన కోడిని పొదగనివ్వకుండా తెస్తోంది. ఎందుకమ్మా నీకీ పని అన్నాను. "మీ గుడ్డు తొక్కితే వాడు మీ ఇంటికే వచ్చినట్టు వదినా. నా గుడ్డు తొక్కితే, నా గుమ్మం దాకా కూడా రావచ్చు" అంది.