ఫొటో కోసం పట్టుకున్న సీసా

చిరంజీవి సౌభాగ్యవతి సుశీలకు, నల్లపాడు నుంచి మీ అక్క దీవెనలు.

నువ్వు ఫోనులో అన్న మాట ముందు సరిదిద్దాలి. "రవి మందిచ్చాడు, ఇక మా మిరప చేనుకి భయం లేదు" అన్నావు. నా మనవడు మందివ్వలేదమ్మా. ఫొటో కోసం మీ అబ్బాయి సాంబయ్య చేతిలో సీసా పెట్టాడు, వెనక్కి తీసుకోలేకపోయాడు. ఫోనులో చెబుదామంటే ఫోను వాడిదే, మాట్లాడినంతసేపూ ఎదురుగా కూర్చుంటాడు. పోస్టులో వేస్తే నీకు కోతలయ్యాక అందుతుంది గనుక, అద్దంకి బస్సెక్కుతున్న ఎదురింటావిడ తమ్ముడి చేతికిస్తున్నాను.

అందరూ కులాసాయే కదా? మరిదిగారి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. మోకాళ్లు మూడో అంతస్తు ఎక్కనంటున్నాయి, అందుకని దిగడం మానేశాను. ఎదురింటావిడ తలుపు సందులోంచి నవ్వుతుంది, అదే మాకు పేరంటం. గోంగూర కొంటే సగం కాడలే. గాలి ఇటు మళ్లితే మిర్చి యార్డు ఘాటుకి తుమ్ములు. బాగానే ఉన్నాను.

రవి అద్దంకి పురుగుమందుల కొట్లో ఉన్నప్పుడు, రైతు తెచ్చిన ఆకును ఎండలో పట్టి చూసి, "ఏమీ కొట్టొద్దు, ఇంటికెళ్లు" అని కూడా అనేవాడు. "ఏరా, నువ్వు నా దగ్గర పనిచేస్తున్నావా, వాళ్ల దగ్గరా?" అనేవాడు యజమాని. అంటూనే ఊరుకునేవాడు, ఆ రైతు మళ్లీ తన కొట్టుకే వస్తాడని తెలుసు గనుక. ఇప్పుడు మందుల కంపెనీలో ఉద్యోగం. మేనేజరు, ఆయన పైన ఇంకొకాయన, ఆ పైన ఎవరో వీడికీ తెలియదు. రోజూ ఎవరో ఒక రైతు చేతిలో సీసా పెట్టి, ఫొటో తీసి పంపాలి.

మొన్న ఆదివారం మీ సాంబయ్య తడిగుడ్డలో మిరప కొమ్మ చుట్టి తెచ్చాడు. రవి కిటికీ దగ్గర చూశాడు. మొహం మాడిపోయింది. అంతలో మేనేజరు ఫోను, ఒక్క ఫొటో కూడా రాలేదేమని.

"రైతు దగ్గరే ఉన్నాను సార్" అని వీడు బాబాయి చేతిలో సీసా పెట్టి ఫొటో తీశాడు.

మీ వాడు దాన్ని సంచిలో వేసుకున్నాడు. "ఎంత కొట్టమంటావురా అబ్బాయ్?"

"సీసా మీద రాసుంటుంది బాబాయ్."

అతను వెళ్లాక అడిగాను, ఆకులో ఏముందిరా అని.

"బొబ్బర తెగులు నాయనమ్మా, ఆకులు ముడుచుకుపోతాయి. దానికి మందు లేదు. సోకిన మొక్కలు పీకేస్తే మిగతావైనా దక్కుతాయి."

"మరి ఆ ముక్క నోట్లోంచి రాలేదేం?"

"కొట్లో అయితే వచ్చేది. ఇప్పుడు నా కస్టమరు రైతు కాదు, కొట్టువాళ్లు. వాళ్ల దగ్గర సరుకు దించడమే నా పని. రైతుకి సలహా చెప్పడానికి వేరే డిపార్ట్‌మెంటు ఉంది."

"ఎక్కడుందది?"

"హైదరాబాదులో."

"అక్కణ్ణించి మన ఆకు కనిపిస్తుందట్రా?"

అన్నం సగంలో వదిలేసి లేచాడు. ప్రైవేటు బడిలో పంతులమ్మగా ఉన్నన్నాళ్లూ పిల్లల నోళ్లు మూయించినదాన్ని, ఈ ఒక్కడి నోరు తెరిపించలేకపోయాను. గట్టిగా తిడదామంటే నేను తింటున్నదీ ఆ జీతమే. మందు వద్దని వీడన్నట్టు పైకి తెలిస్తే ఆ జీతమూ ఉండదు. ఏం చేయమంటావు?

మరిదిగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. దీపం పెట్టినప్పుడు వీణ్ణి కూడా తలుచుకో.

ఇది చదవగానే సాంబయ్యను కేకెయ్యి. సీసా మూత తియ్యొద్దను. సగం చేను పోయినా సరే, ముడుచుకున్న మొక్కలు వేర్లతో పీకించు. ఎవరు చెప్పారంటే ముసలిదానికి తోచిందను, రవి పేరెత్తకు. పీకినవి గట్టు మీద పడెయ్యకుండా ఎరువు సంచుల్లో కుక్కి, చేనుకి దూరంగా గొయ్యి తీసి పూడ్పించు.

మీ అక్క,
అన్నపూర్ణ